మైక్రోకరెంట్‌తో నా పాదాల మంట ఎలా తగ్గిందంటే

రాత్రి పడుకుంటే చాలు, రెండు పాదాల్లో మంట, సూదులు గుచ్చినట్టు పోట్లు. నరాల సమస్యేనన్నారు డాక్టర్ గారు. ఆయింట్‌మెంట్లు, కాపడం, నొప్పికి చర్మం మీది ప్యాడ్లతో కరెంట్ ఇచ్చే టెన్స్ మెషిన్, ఏదీ నిలవలేదు.

అలాగే ప్యాడ్లతోనే, కానీ చాలా స్వల్పమైన కరెంట్ పంపే మైక్రోకరెంట్ మెషిన్‌తోనూ మొదట్లో ఫలితం లేదు. ఏమీ తెలియడం లేదని కరెంట్ పెంచుతూ పోయాను. అదే పొరపాటు. ఇందులో కరెంట్ ఒక మిల్లీయాంపియర్ కన్నా తక్కువే, చర్మానికి తెలియకపోవడమే సహజం.

తర్వాత కాళ్లు కడిగి తుడుచుకుని, ప్యాడ్లకు జెల్ బాగా పట్టించి, ఒకటి మోకాలి వెనక, ఇంకోటి అరికాలికి అంటించి, 100 మైక్రోయాంపియర్ల (మిల్లీయాంపియర్‌లో పదో వంతు) దగ్గరే ఆపాను. ఒక్కో కాలికి 30 నిమిషాలు, రోజూ. మూడో వారానికి నిద్ర పట్టింది. తిమ్మిరి మాత్రం పోలేదు.

మందులూ వాడుతున్నాను కాబట్టి ఇందులో దీని వంతు ఎంతో చెప్పలేను. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి వెళ్లొద్దు. స్పర్శ తగ్గిన పాదాలైతే ప్యాడ్ తీశాక చర్మం కందిందేమో తప్పక చూసుకోండి.