డ్రిల్లింగ్ ఫలితాల్లో ‘అందులో’ అన్న ముక్క తీసేసి చూడండి

కెనడా, ఆస్ట్రేలియా జూనియర్ మైనింగ్ షేర్లతో (అంటే ఖనిజాల కోసం వెతికే చిన్న కంపెనీల షేర్లతో) ఇదో తంటా: భూమిలోకి డ్రిల్లు వేసి తీసిన రాతిలో ‘30 మీటర్ల మేర టన్నుకు 2 గ్రాముల బంగారం’ అని ప్రకటన రాగానే కొనెయ్యాలని చేతులు దురద పెడతాయి. ఆగి, కింది లైను చదవండి. ‘అందులో 1 మీటరు 50 గ్రాములు’ అని ఉందనుకోండి. మీటర్లని గ్రాములతో గుణించండి. మొత్తం 60, ఆ ఒక్క మీటరుదే 50. మిగిలిన 10ని 29 మీటర్లకు పంచితే టన్నుకు 0.34 గ్రాములే. చీమకుర్తిలో ఒక్క గ్రానైట్ బ్లాకు మెరుపు చూసి క్వారీ మొత్తానికి రేటు కట్టినట్టన్నమాట!

సన్నటి పలుగురాతి చారల్లో బంగారం తీసే భూగర్భ గనులకి మాత్రం ఈ లెక్క నప్పదు, అక్కడ ఆ ఒక్క మీటరే సరుకు. వాటికి డ్రిల్లు పొడవు కాదు, చార అసలు మందం ఎంతో చూడాలి.