ఆండ్రాయిడ్ రూట్ నేర్చుకుందాం – 4వ పాఠం: రూట్ రాకపోతే ఎక్కడ వెతకాలి?

రూట్ అంటే ఫోన్ మీద పూర్తి అధికారం. పోయిన పాఠంలో బూట్‌లోడర్ (ఫోన్‌ని లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసి, రూట్ ఇచ్చే మ్యాజిస్క్ యాప్‌తో ప్యాచ్ చేసిన (మార్చిన) ఇమేజ్‌ని, అంటే ఫోన్ స్టోరేజ్‌లోని ఒక పార్టిషన్‌లో (విభాగంలో) ఉండే ఫైలుని, ఫాస్ట్‌బూట్ మోడ్‌లో ఫ్లాష్ చేయడం (ఎక్కించడం) దాకా వచ్చాం. అక్కడిదాకా సాఫీగా నడిచి, ఫోన్ రీస్టార్ట్ అయ్యాక ఆగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. రూట్ చెకర్ యాప్ తెరిస్తే రూట్ లేదంటుంది. వెంటనే టెన్షన్ పడి మళ్లీ ఫ్లాష్ చేస్తారు. అదీ కుదరకపోతే ఇంకెక్కడి నుంచో మరో ఫైలు తెచ్చి ఎక్కిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎక్కడ తెగిందో తెలియకుండా చేసే ప్రతి ఫ్లాషూ ఉన్న సమస్య మీద కొత్త సమస్యను పేరుస్తుంది. ముందు కనుక్కోవాలి, ఆ తర్వాతే చేయి పెట్టాలి. ఈ వారం నేర్చుకునేది ఆ కనుక్కోవడమే.

రూట్ చెకర్ మాట పక్కన పెట్టి ఫోన్‌ని కంప్యూటర్‌కి కలపండి. డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్‌లో ఉండాలి. కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు పంపే టూల్ ఏడీబీ. కమాండ్ విండోలో ఏడీబీ డివైసెస్ అని కొట్టగానే ఫోన్ సీరియల్ నంబరు, పక్కన డివైస్ అన్న మాట కనపడాలి. అన్ఆథరైజ్డ్ అని వస్తే ఫోన్ స్క్రీన్ మీద అనుమతి అడుగుతూ ఉంటుంది, ఒప్పుకుంటే చాలు. అసలు ఏమీ రాకపోతే ముందు కేబుల్ మార్చండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో చవగ్గా దొరికే కేబుళ్లలో కొన్నిటికి డేటా తీగలే ఉండవు, ఛార్జింగ్‌కి తప్ప ఎందుకూ పనికిరావు. విండోస్ వాడేవాళ్లు డ్రైవర్ కూడా చూసుకోవాలి. ఏడీబీలో కనపడిన ఫోన్ ఫాస్ట్‌బూట్‌లో కనపడకుండా పోయి, వెయిటింగ్ అని ఆగిపోవడానికి ఎక్కువసార్లు కారణం అదే.

ఫోన్ కనపడిందా? ఇప్పుడు ఏడీబీ షెల్‌లోకి (ఫోన్‌కి ఆదేశాలు కొట్టే చోటికి) వెళ్లి ఐడీ అన్న ఆదేశం ఇవ్వండి. యూఐడీ 2000, షెల్ అని చూపిస్తుంది. అంటే మీరింకా మామూలు యూజరే. తర్వాత రూట్ అడిగే ఆదేశం, ఎస్, యూ అనే రెండు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. ఇప్పుడొచ్చే జవాబును అక్షరం వదలకుండా నోట్‌బుక్‌లో రాసుకోండి. పాఠమంతా దాని మీదే నడుస్తుంది.

డాలర్ గుర్తు పోయి హ్యాష్ గుర్తు వచ్చి, మళ్లీ ఐడీ కొడితే యూఐడీ 0, రూట్ అని చూపిస్తే మీ రూట్ బాగానే ఉంది. తేడా మీరు వాడబోయిన యాప్‌లోనో, దానికిచ్చిన అనుమతిలోనో ఉంది. పర్మిషన్ డినైడ్ అని వచ్చినా రూట్ ఉన్నట్టే, షెల్‌కి మాత్రం అనుమతి దొరకలేదు. నాట్ ఫౌండ్ అని వస్తే రూట్ ఫోన్‌లోకి ఎక్కనే లేదు.

అనుమతి సంగతి తేలిక. ఎస్‌యూ కొట్టినప్పుడు మ్యాజిస్క్ ఫోన్ స్క్రీన్ మీద అడుగుతుంది. మామూలు సెట్టింగ్‌లో 10 సెకన్లు చూసి, జవాబు లేకపోతే కాదనేస్తుంది. మీరు కంప్యూటర్ వైపు చూస్తూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. మ్యాజిస్క్ యాప్‌లో సూపర్‌యూజర్ పేజీకి వెళ్లి షెల్ పక్కనున్న మీట ఆన్ చేయండి. ఫోన్‌లో రెండో యూజర్‌ని పెట్టుకున్నవాళ్లు అసలు యూజర్‌లోకి వచ్చి ప్రయత్నించాలి. మ్యాజిస్క్ మామూలుగా ఫోన్ ఓనర్‌కే రూట్ ఇస్తుంది.

నాట్ ఫౌండ్ దగ్గర మాత్రం నిదానంగా ఆగుదాం.

మొన్న గుంటూరు బ్రాడీపేటలో ఉండి చదువుకునే ఒక అబ్బాయి సెకండ్ హ్యాండ్‌లో కొన్న పిక్సెల్ 7 పట్టుకుని వచ్చాడు. "అన్నా, ఫ్లాష్ ఓకే అంది, ఫోనూ ఆన్ అయింది. రూట్ మాత్రం రాలేదు. ఇంకోసారి కొట్టేయమంటారా?" అన్నాడు. "ఆగు తమ్ముడూ, ముందు మ్యాజిస్క్ తెరువు" అన్నాను. హోమ్ పేజీలో ఇన్‌స్టాల్డ్ అన్న వరుసకు ఎదురుగా ఎన్/ఏ అని ఉంది. యాప్ ఉంది, దాని వెనకుండాల్సిన మ్యాజిస్క్ లేదు. మీకూ ఈ వరుసే ముందు చూడటం అలవాటు కావాలి. అక్కడ వెర్షన్ నంబరు లేకపోతే యాప్‌ని ఎన్నిసార్లు తీసి వేసినా లాభం లేదు.

తర్వాత ఏ ఫైలు ప్యాచ్ చేశావని అడిగాను. బూట్ ఇమేజ్ అన్నాడు. తేడా అక్కడే వచ్చింది.

ఒకప్పుడు చైన్‌ఫైర్ అనే డెవలపర్ తెచ్చిన సూపర్‌ఎస్‌యూ అనే రూట్ యాప్ మొదట్లో తన ఫైళ్లను సిస్టమ్ పార్టిషన్‌లోనే పెట్టేది. 2016లో జాన్ వూ విడుదల చేసిన మ్యాజిస్క్ సిస్టమ్‌ని ముట్టుకోకుండా, ఫోన్ లేచేటప్పుడు మొట్టమొదట తెరుచుకునే ఫైళ్ల మూట అయిన రామ్‌డిస్క్‌లో చోటు చేసుకుంటుంది. కాబట్టి ఆ రామ్‌డిస్క్ ఏ ఇమేజ్‌లో ఉందన్నదే అసలు ప్రశ్న. పాత ఫోన్లలో అది బూట్‌లో ఉండేది. ఆండ్రాయిడ్ 13తోనో ఆ తర్వాతి వెర్షన్‌తోనో మార్కెట్లోకి వచ్చిన చాలా ఫోన్లలో ఇనిట్ బూట్ అనే వేరే పార్టిషన్‌లోకి మారింది. ఇక్కడ చూడాల్సింది ఫోన్ పుట్టినప్పటి వెర్షన్‌ని, ఇప్పుడున్న వెర్షన్‌ని కాదు. పిక్సెల్ 6 ఆండ్రాయిడ్ 12తో వచ్చింది, దాన్ని 13కి అప్‌డేట్ చేసినా బూట్‌నే ప్యాచ్ చేయాలి. పిక్సెల్ 7 ఆండ్రాయిడ్ 13తోనే వచ్చింది, దానికి ఇనిట్ బూట్ కావాలి. కంపెనీ ఇచ్చే ఒరిజినల్ ఫైళ్లున్న ఫ్యాక్టరీ ఇమేజ్ జిప్ విప్పితే రెండు ఫైళ్లూ పక్కపక్కనే కనపడతాయి, అందుకే పొరపాటు పడటం సులువు.

ఆ అబ్బాయి చేత ముందు ఒరిజినల్ బూట్ ఇమేజ్‌ని వెనక్కి ఎక్కించాను. తర్వాత సెట్టింగ్స్‌లో ఉన్న బిల్డ్ నంబరూ (ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ కచ్చితమైన వెర్షన్) జిప్ పేరులో ఉన్న బిల్డ్ నంబరూ ఒకటేనా కాదా అని అక్షరమక్షరం చదివించాను. ఒకటే అని తేలాకే ఇనిట్ బూట్‌ని ప్యాచ్ చేసి ఫ్లాష్ చేశాడు. ఎస్‌యూ కొట్టగానే హ్యాష్ గుర్తు వచ్చింది.

బిల్డ్ నంబరు దగ్గర నేను ఇంత పట్టు పట్టడానికి కారణం ఉంది. బూట్ ఇమేజ్‌లో కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే సిస్టమ్ గుండె) ఉంటుంది. వేరే బిల్డ్ కెర్నల్ ఎక్కిస్తే ఒక్కోసారి రూట్ వచ్చినా వైఫై పోతుంది, టచ్ పనిచేయదు, లేదంటే ఫోన్ అసలు లేవదు. అప్పుడు రిపేర్ షాపులో హార్డ్‌వేర్ పోయిందని చెప్పినా నమ్మేస్తాం.

సరైన ఫైలే ఎక్కించినా నాట్ ఫౌండ్ వస్తుంటే స్లాట్ చూడండి. ఈ ఫోన్లలో ముఖ్యమైన పార్టిషన్లు ఏ, బీ అని రెండేసి ఉంటాయి, ఒక్కో సెట్టునీ స్లాట్ అంటారు. ఫాస్ట్‌బూట్‌లో గెట్‌వార్ కరెంట్ స్లాట్ అని అడిగితే ఇప్పుడు నడుస్తున్నది ఏదో చెబుతుంది. ఎవరో రాసిన ఆదేశాన్ని ఏ అన్న తోకతో సహా కాపీ చేసి, బీ మీద నడుస్తున్న ఫోన్‌లో ఎక్కిస్తే రూట్ వెళ్లి వాడని స్లాట్‌లో కూర్చుంటుంది.

కొత్త మాడ్యూల్ (మ్యాజిస్క్‌కి తగిలించే అదనపు ప్యాకేజీ) వేశాక ఫోన్ లోగో దగ్గరే తిరుగుతుంటే ఫోన్‌ని సేఫ్ మోడ్‌లో లేపండి. మ్యాజిస్క్ దాన్ని గుర్తించి మాడ్యూళ్లన్నీ ఆపేస్తుంది. మళ్లీ మామూలుగా ఆన్ చేసినా అవి ఆగే ఉంటాయి, తేడా చేసిన మాడ్యూల్‌ని అప్పుడు తీసేయొచ్చు. సేఫ్ మోడ్ దాకా కూడా రాకపోతే ఒరిజినల్ ఇమేజ్‌ని తిరిగి ఎక్కించడమే దారి.

బ్యాంకు యాప్ తెరుచుకోకపోవడం రూట్ లోపం కాదు. బూట్‌లోడర్ తెరిచి ఉందని గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ (ఫోన్ నమ్మదగినదో కాదో యాప్‌లకు చెప్పే సేవ) పట్టుకుంటుంది, యాప్ తలుపు మూస్తుంది. దాన్ని ఏమార్చే ఉపాయాలు ఈ పాఠాల్లో నేర్పను. డబ్బు నడిచే ఫోన్‌లో యాప్ అంత జాగ్రత్తగా ఉండటమే న్యాయం. యూపీఐ ఉన్న ఫోన్ జోలికి వెళ్లకుండా ఇంట్లో పక్కన పడేసిన పాత ఫోన్ మీద నేర్చుకోండి.

ఈ వారం అభ్యాసానికి ఫ్లాష్ ఏమీ చేయొద్దు. మీ ఫోన్ ఏ ఆండ్రాయిడ్‌తో మార్కెట్లోకి వచ్చిందో, ఇప్పటి బిల్డ్ నంబరు, నడుస్తున్న స్లాట్, మ్యాజిస్క్ హోమ్ పేజీలో రామ్‌డిస్క్ వరుసలో ఏముందో ఒక పేజీలో రాయండి. అదే బిల్డ్ ఒరిజినల్ బూట్, (మీ ఫోన్‌కి ఉంటే) ఇనిట్ బూట్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో దాచండి. 5వ పాఠంలో సిస్టమ్ అప్‌డేట్ వచ్చినా రూట్ పోకుండా చూసుకోవడం చేద్దాం. ఆ పేజీ, పెన్‌డ్రైవ్ రెండూ దగ్గర లేకుండా అది మొదలుపెట్టలేం. అప్పటిదాకా అప్‌డేట్ నోటిఫికేషన్ వచ్చినా నొక్కకండి.