ప్యానెల్ ఎప్పుడు వెలగాలి? తరగతి గదిలో డిజిటల్ పరికరాల వాడకం

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా ఉన్నత పాఠశాలల్లో ఇప్పుడు నల్లబల్ల పక్కన పెద్ద డిజిటల్ తెర, అంటే ప్యానెల్, ఉంటోంది. అది గదిలోకి వచ్చిన మరుక్షణం ఉపాధ్యాయుల మధ్య మొదలయ్యే ప్రశ్న "ఈ పాఠానికి ఏ వీడియో బాగుంటుంది?" అన్నది. నా అనుభవంలో ఆ ప్రశ్న రెండోది కావాలి. మొదట తేల్చుకోవలసింది, ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారన్నది. ఆ చోటు తెలిస్తే, నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ప్యానెల్ వెలగవలసిన ఐదారు నిమిషాలు ఏవో దానంతటదే తెలుస్తుంది. నేను భౌతిక శాస్త్రం చెబుతాను కాబట్టి ఉదాహరణలు అక్కడినుంచే ఇస్తాను.

ప్యానెల్ వచ్చిన తొలి ఏడాది నేను విద్యుత్ పాఠానికి పన్నెండు నిమిషాల యానిమేషన్ ఒకటి వేశాను. పిల్లలు కదలకుండా చూశారు. ఆ నిశ్శబ్దాన్ని నేను శ్రద్ధ అనుకున్నాను. మరునాడు నోటుపుస్తకంలో బల్బు వెలిగే వలయం గీయమంటే, బ్యాటరీ ఒక కొననుంచి బల్బుకు ఒకే తీగ కలిపిన బొమ్మలు కొన్ని వచ్చాయి. వీడియోలో వలయం పూర్తిగానే ఉంది, పిల్లలు దాన్ని చూశారు కూడా. కానీ తాము ఏమనుకుంటున్నారో చెప్పే అవకాశం వారికి ఆ పన్నెండు నిమిషాల్లో ఒక్కసారి కూడా నేను ఇవ్వలేదు.

కాబట్టి మొదటి పని, దేనికి తెర కావాలో, దేనికి అక్కరలేదో విడదీసుకోవడం. పెసలు తడిగుడ్డలో మొలకెత్తడాన్ని వీడియోలో చూపించడం అనవసరం. రెండు రోజుల్లో అది కిటికీ గట్టు మీదే జరుగుతుంది. లోలకానికి దారం, చిన్న రాయి చాలు. తీగలో ఎలక్ట్రాన్ల కదలిక, గుండె కవాటాలు తెరుచుకుని మూసుకోవడం, గ్రహణ సమయంలో సూర్యచంద్రుల స్థానాలు వంటివి కంటికి అందవు, చేతికి దొరకవు. తెర వాటికోసం ఉంది. చేతికి అందేది ఉన్నప్పుడు దాన్నే ముందు చూపించి, అది చెప్పలేని భాగాన్ని తెరకు వదలాలి.

పదో తరగతిలో శ్రేణి, సమాంతర సంధానాలు (బల్బులను ఒకే దారిలో వరసగా కలపడం, వేర్వేరు దారుల్లో కలపడం) చెప్పే పీరియడ్‌ను నేను ఎలా నడుపుతానో కొంచెం వివరంగా చెబుతాను. రెండు టార్చి బల్బులు, సెల్స్, తీగలు బల్ల మీద పెడతాను. ప్యానెల్ ఆపి ఉంటుంది. ఒక బల్బు వెలిగించి చూపించి, "రెండోది ఇదే దారిలో కలిపితే ఏమవుతుంది? ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది?" అని అడిగి, జవాబును నోటుపుస్తకంలో పెన్సిల్‌తో కాకుండా పెన్నుతో రాయమంటాను, ఎందుకంటే పెన్సిల్‌తో రాసినదాన్ని తరువాత చెరిపేసి "నేను ముందే అనుకున్నాను సార్" అనేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. బ్యాటరీకి దగ్గరగా ఉన్న బల్బు కరెంటును ముందుగా "తినేస్తుంది" కాబట్టి అదే ఎక్కువ వెలుగుతుందని రాసేవారు చాలామంది. పాఠం అసలు మొదలయ్యేది ఈ తప్పు దగ్గరే. దీన్ని తొందరపడి దిద్దకూడదు. తరువాత నిజం బల్బులు కలుపుతాను. రెండూ మసకగా వెలుగుతాయి, దాదాపు సమానంగా. బ్యాటరీ కొనలు తారుమారు చేసినా అంతే. దానితో పిల్లల అంచనా వీగిపోతుంది గానీ, కారణం ఇంకా కనబడదు.

ప్యానెల్ వెలగవలసింది ఇక్కడ. భౌతిక శాస్త్రంలో 2001 నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగ నమూనాలు, ఉచితం. కొన్నిటికి తెలుగు రూపం కూడా ఉంది. వాటిలో విద్యుత్ వలయాలు కట్టే కిట్ తెరిచి 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల నిరోధమున్న బల్బు కలిపితే, కరెంటును కొలిచే అమ్మీటర్ 0.9 ఆంపియర్ చూపుతుంది. అలాంటిదే రెండో బల్బు శ్రేణిలో చేరిస్తే 0.45కు పడిపోతుంది. అమ్మీటర్‌ను మొదటి బల్బుకు ముందు, రెండిటి మధ్య, రెండోదాని తరువాత పెట్టమని ముగ్గురు పిల్లలను పిలుస్తాను. మూడు చోట్లా ఒకే సంఖ్య రావడం, తీగ పొడవునా ఎలక్ట్రాన్లు ఒకే వేగంతో కదలడం చూశాక, "తినేయడం" అన్న మాటను వారే వదిలేస్తారు. సమాంతరంగా కలిపితే ఒక్కొక్క బల్బులో 0.9, బ్యాటరీ నుంచి మొత్తం 1.8 ఆంపియర్లు. ఈ చివరి సంఖ్యను మీటరు చూపక ముందే లెక్కగట్టించాలి. ఎవరో ఒకరు తప్పకుండా బ్యాటరీ రెండు కొనలనూ తీగతో నేరుగా కలిపి తెర మీద మంట పుట్టిస్తారు; దాన్ని అల్లరిగా కొట్టిపారేయకుండా, మంట ఎందుకు వచ్చిందో ఓమ్ నియమంతో చెప్పమనడం మేలు.

సిమ్యులేషన్ ఎక్కడ అబద్ధమాడుతుందో కూడా పిల్లలకు చెప్పాలి. చాలామంది వదిలేసే భాగం ఇదే. తెర మీద గుళ్లలా పరుగెత్తే ఎలక్ట్రాన్లు మామూలు రాగి తీగలో సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా దాటనంత నెమ్మదిగా జరుగుతాయి. అక్కడి బ్యాటరీ ఎప్పటికీ నీరసించదు. అక్కడ కరెంటు సరిగ్గా సగమైంది. నిజం బల్బులో ఫిలమెంటు వేడి తగ్గితే నిరోధమూ తగ్గుతుంది కాబట్టి, రెండు బల్బులు శ్రేణిలో కలిపినప్పుడు కరెంటు సగం కంటే కాస్త ఎక్కువే ఉంటుంది. బల్ల మీది మీటరు అంకె తెర మీది అంకెతో కలవనప్పుడు పిల్లలు ప్రయోగం తప్పిందనుకుంటారు. తప్పలేదని, నమూనా సరళమైనదని వారికి తెలియాలి.

ఇక ఏర్పాట్ల సంగతి. మన బడుల్లో ఇంటర్నెట్ ఉందన్న నమ్మకంతో పాఠం తయారు చేసుకోకూడదు. ఫెట్ సిమ్యులేషన్‌ను ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దింపుకుని పెన్ డ్రైవ్‌లో పెట్టుకుంటే బ్రౌజర్‌లో నెట్ లేకుండానే నడుస్తుంది. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు 2017లో ప్రారంభమైన దీక్ష అనే ఆన్‌లైన్ పాఠాల వేదికకు తీసుకెళ్తాయి. అక్కడి పాఠాలను ఇంటి దగ్గరే స్కాన్ చేసి, చివరివరకు చూసి, అవసరమైన రెండు నిమిషాలు ఎక్కడున్నాయో కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. తరగతికి ముందు ఆఖరి బెంచీలో ఒకసారి కూర్చుని తెర మీది అక్షరాలు చదవండి. కిటికీ వెలుతురు పడి సగం తెర తెల్లబోతే ఆ తలుపు మూయించాలి, లేదా బెంచీలు జరపాలి. కరెంటు పోతే పాఠం ఆగకూడదు. బల్బులు, సెల్స్ బల్ల మీదే ఉండాలనడానికి అది మరో కారణం.

ఒక చిన్న విషయం విడిగా చెప్పాలి. మన ప్రశ్నపత్రాలు, వర్క్‌షీట్లు ఇప్పటికీ చాలావరకు అను ఫాంట్లలో టైపవుతున్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి; అందులో మాట వెతకడమూ కుదరదు. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా తెరుచుకునేలా చేసే ప్రమాణం యూనికోడ్; 1991లో వెలువడిన దాని తొలి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. కొత్తగా తయారు చేసేదేదైనా యూనికోడ్‌లో టైపు చేస్తే, పక్క మండలంలోని ఉపాధ్యాయుడు దాన్ని తెరిచి, తన తరగతికి తగినట్టు మార్చుకోగలుగుతాడు. చాట్‌జీపీటీ వంటి వాటితో ప్రశ్నలు తయారు చేయించుకునేవారు ప్రతి లెక్కనూ స్వయంగా చేసి చూసుకోవాలి; అవి శ్రేణి సంధానం వంటి పాఠ్యపుస్తక పదాల బదులు ఒక్కోసారి తమ సొంత తెలుగును పుట్టిస్తాయి.

ఫోన్ మీద ఆధారపడే ఇంటిపని నేను ఇవ్వను. 2020లో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానెళ్ల ద్వారా తెలంగాణలో పాఠాలు ప్రసారమైన రోజుల్లో ఏ ఇంట్లో ఎన్ని ఫోన్లున్నాయో మనందరికీ తెలిసివచ్చింది: ఒక్కటే ఉంటే అది తండ్రితో పాటు పనికి వెళ్తుంది, సాయంత్రం ఇంటికి వచ్చాక తరచుగా అన్న చేతిలోకి వెళ్తుంది. వాట్సాప్ గ్రూపులో మార్కుల జాబితా, పిల్లల ఫోటోలు పెట్టే అలవాటునూ మానుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతిని నియమంగా పెట్టింది. ఏదైనా యాప్‌లో తరగతి మొత్తాన్ని నమోదు చేసే ముందు, అది పుట్టిన తేదీ, ఫోన్ నంబరు ఎందుకు అడుగుతోందో ప్రధానోపాధ్యాయులతో కలిసి చూడాలి.

పాఠం అందిందో లేదో తెలుసుకోవడానికి మరునాడు మొదటి ఐదు నిమిషాలు ప్యానెల్ ఆపి ఉంచి, అదే వలయాన్ని నోటుపుస్తకంలో గీయిస్తాను, ముందురోజు పెన్నుతో రాసిన జవాబు కిందనే. ఇంటిపనిగా ఒకే ప్రశ్న ఇస్తాను: మీ ఇంట్లో ఫ్యాను ఆపితే లైటు ఆరిపోవడం లేదు, వినాయక చవితి పందిట్లో పాత రకం సీరియల్ సెట్టులో ఒక్క బల్బు మాడితే ఆ వరస అంతా ఎందుకు ఆరిపోతుంది? కిందటేడు దీనికి ఒక అమ్మాయి మాడిన బల్బును తీసి, ఆ చోట తీగ కొనలను కలిపిన బొమ్మ గీసి తెచ్చింది. మిగతా బల్బులు అప్పుడు మునుపటికంటే ఎక్కువ వెలుగుతాయా, తక్కువ వెలుగుతాయా అని ఆమెనే తరగతిని అడగమన్నాను. ఆ పీరియడ్‌లో ప్యానెల్ వెలిగింది ఆ ప్రశ్నకు జవాబు సరిచూసుకోవడానికి మాత్రమే.