డిరాక్ లెక్క తేడా వస్తోందా? ముందు ఇవి చూసుకోండి

గుంటూరు బ్రాడీపేటలో ఎమ్మెస్సీ పిల్లలకు క్వాంటమ్ చెప్తున్నాను. ఎలక్ట్రాన్ లాంటి స్పిన్ 1/2 కణాలకు సాపేక్షతతో కుదిరే డిరాక్ సమీకరణంలో ఏటా అవే తప్పులు దిద్దుతున్నాను.

సమస్య: పి-స్లాష్ (శక్తి, మొమెంటం భాగాల్ని గామా మాత్రికలతో గుణించి కలిపినది) మైనస్ ఎమ్‌ని (ద్రవ్యరాశి) పి-స్లాష్ ప్లస్ ఎమ్‌తో గుణిస్తే క్లైన్-గోర్డన్ (శక్తి వర్గం = మొమెంటం వర్గం + ద్రవ్యరాశి వర్గం అనే సమీకరణం) రావట్లేదు, ద్రవ్యరాశి గుర్తు తిరగబడుతోంది.

రెండు పుస్తకాల గామాలు కలిపేశారు. పేజీ పైన మెట్రిక్ (కాలానికీ, మూడు స్థల దిశలకూ పెట్టే గుర్తులు) రాసుకోండి. ప్లస్, మైనస్, మైనస్, మైనస్ అయితే గామా-0 వర్గం 1, మిగతా మూడింటి వర్గం మైనస్ 1. ఏ రెండింటి వరస మార్చినా గుర్తు మారాలి. రెండు నిమిషాల పని, దయచేసి వదిలేయకండి.

సమస్య: అవన్నీ సరిపోయాయి, కానీ కరెంటు (కణం సంభావ్యత ప్రవాహం) మొమెంటానికి ఎదురు వస్తోంది. విజయవాడ వెళ్ళాల్సిన బస్సు చిలకలూరిపేట దారి పట్టినట్టు.

నన్ను బాగా ఏడిపించింది ఇదే. పి-స్లాష్‌ని విడదీస్తే గామా-0 ఇంటూ శక్తి, మైనస్ గామా డాట్ మొమెంటం. ఆ మైనస్ చేతికి అలవాటై డెల్-స్లాష్‌లోనూ (మొమెంటం బదులు డెరివేటివ్‌లు పెట్టినది) పడిపోతుంది. అక్కడ ఉండాల్సింది ప్లస్. మొమెంటానిది పై సూచిక, కిందికి దించితే మైనస్ వస్తుంది. డెల్‌ది పుట్టుకతోనే కింది సూచిక, దించేదేమీ లేదు.

ఇది ఎందుకు దొరకదంటే, మూడు గామాల గుర్తు ఒకేసారి మార్చినా వాటి నియమాలు చెడవు. క్లైన్-గోర్డన్ వచ్చేస్తుంది. మొమెంటం సున్నా పెట్టి చూస్తే తప్పున్న పదమే మాయమవుతుంది. నేను రెండు రోజులు వెతికాక, ద్రవ్యరాశి సున్నా చేస్తే కుడి కైరాలిటీకి (గామా-5 విలువ ప్లస్ 1 ఉన్న స్థితి) ప్లస్ రావాల్సిన హెలిసిటీ (మొమెంటం దిశలో స్పిన్ గుర్తు) మైనస్ వచ్చింది. అప్పుడు తెలిసింది.

అందుకే ధన శక్తి స్పినార్ (నాలుగు భాగాల వేవ్ ఫంక్షన్) రాగానే మధ్యలో ఆల్ఫా (గామా-0 ఇంటూ గామా) పెట్టి, నార్మ్‌తో భాగించండి. మొమెంటం బై శక్తి రావాలి, కాంతి వేగం 1 అనుకుంటే అదే కణం వేగం. మైనస్ వస్తే డెల్-స్లాష్ విడదీసిన లైన్‌కి వెళ్ళండి. ఇంకెక్కడా వెతక్కండి.

సమస్య: అయస్కాంత క్షేత్రం పెట్టినా స్పిన్ పదం రావట్లేదు. 1928లో డిరాక్‌కి వచ్చిన జి = 2 (ఎలక్ట్రాన్ అయస్కాంత బలాన్ని స్పిన్‌తో కలిపే సంఖ్య) మీకు కనపడట్లేదు.

π క్రాస్ π సున్నా అనుకున్నారు (π అంటే మొమెంటం మైనస్ ఛార్జ్ ఇంటూ వెక్టర్ పొటెన్షియల్). మొమెంటం ఆపరేటర్, వెక్టర్ పొటెన్షియల్ కమ్యూట్ కావు, అంటే వరస మారిస్తే ఫలితం మారుతుంది. వేవ్ ఫంక్షన్ మీద వేసి చేయండి.

ఒక్క ఎలక్ట్రాన్ పరమాణువు శక్తి సూత్రంలో పరమాణు సంఖ్య 137 దాటాక వర్గమూలం కింద రుణ సంఖ్య వస్తే, అది కేంద్రకాన్ని బిందువు అనుకున్నందువల్ల. ఇక స్పిన్ 3/2కి రారిటా-ష్వింగర్ సమీకరణంలో విద్యుదయస్కాంత క్షేత్రం కలిపాక కాంతిని మించిన వేగం కనిపిస్తే టెన్షన్ పడకండి. భౌతిక శాస్త్రవేత్తలు వెలో, జ్వాంజిగర్ 1969లోనే చూపించారు, ఆ ఇబ్బంది సమీకరణానిదే.