వానలకు ముందు పాత జిప్సీ, జీపు సస్పెన్షన్ మార్పిస్తున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

మామూలుగా జూన్ రెండో వారానికి తెలంగాణలో వానలు మొదలవుతాయి. ఆ వెంటనే హైదరాబాద్ నుంచి పాత మారుతి జిప్సీలు, మహీంద్రా జీపులు అనంతగిరి, కోట్‌పల్లి, నర్సాపూర్ వైపు బయలుదేరతాయి. అందుకే మే నెలలో కమాన్ (ఉక్కు పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చిన లీఫ్ స్ప్రింగ్) పని చేసే షాపులకు గిరాకీ. కొందరికి బండి ఎత్తు కావాలి, కొందరికి నడుం నొప్పి తగ్గాలి. ఎవరైనా ముందు చూడాల్సింది మాత్రం ఉన్న సస్పెన్షన్ సరిగ్గా పనిచేస్తోందా అన్నదే. కొత్త రబ్బరు బుష్‌లు, మంచి షాక్ అబ్జార్బర్లు (షాక్‌లు) వేసి, పట్టీల మధ్య తుప్పు గీకించి గ్రీజు పెట్టిస్తే చాలా బండ్లకు ఇంకేమీ అక్కర్లేదు.

1985లో వచ్చిన జిప్సీకైనా, అంతకంటే పాత మహీంద్రా జీపులకైనా నాలుగు చక్రాలకూ కమాన్ కట్టలే. ఇప్పటి కాయిల్ స్ప్రింగ్ బండ్లలో స్ప్రింగు బరువు మోస్తే, యాక్సిల్‌ని (రెండు చక్రాలను కలిపే ఇరుసుని) చోటు కదలకుండా పట్టుకునేది వేరే రాడ్లు. ఇక్కడ ఆ రెండు పనులూ కమాన్‌వే. మెయిన్ పట్టీ విరిగితే యాక్సిల్ జరిగిపోతుంది, స్టీరింగ్ ఒకవైపు తిప్పితే బండి ఇంకోవైపు పోతుంది. కాబట్టి ‘రెండు పట్టీలు తీసేద్దాం సార్, మస్తు మెత్తగ అయితది’ అని ఉస్తాద్ అంటే ఒప్పుకోకండి. తీసేసిన పట్టీలు మోసే బరువంతా మిగిలిన వాటి మీద పడుతుంది, గట్టిగా బ్రేక్ వేసినప్పుడల్లా కట్ట మెలి తిరుగుతుంది. గ్యాస్ మంటతో కాల్చి వంపు పెంచడం ఇంకా ఘోరం. స్ప్రింగు ఉక్కుకు ఉండే పదును పోయి కొన్ని నెలలకే కూర్చుంటుంది, లేదా విరుగుతుంది. మెత్తదనమే కావాలంటే పారాబోలిక్ కమాన్లు వేయించండి. పట్టీలు తక్కువ, ఒక్కోటీ మధ్యలో మందంగా, చివర్లకు సన్నగా ఉంటుంది, రాపిడి తక్కువ. డబ్బులు ఎక్కువే అవుతాయి, అయినా నా ఓటు దానికే.

ఎత్తు విషయంలో 2 అంగుళాల దగ్గర ఆగిపోవడం మంచిది. పొడుగు షాకిళ్లు (కమాన్ చివరను ఛాసిస్‌కి కలిపే ఊగే లింకులు) చౌక దారి, కానీ షాకిల్ 2 అంగుళాలు పెరిగితే బండి లేచేది సుమారు అంగుళమే. పైగా ముందు వైపు క్యాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) మారి, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు. జిప్సీలో యాక్సిల్ కింద ఉండే కమాన్‌ని పైకి మార్పించే పని కూడా కొందరు పెట్టుకుంటారు. దానికి వెల్డింగు చేయించి, స్టీరింగ్ లింకులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ వైపు నుంచి యాక్సిల్‌కి శక్తినిచ్చే రాడ్డు) కోణాలు అన్నీ మార్చాలి. వానలు నెత్తిమీద పెట్టుకుని మొదలుపెట్టే పని కాదది.

పని జరుగుతున్నప్పుడు మీరు పక్కనే ఉండండి. ఛాసిస్‌ని గట్టి స్టాండ్ల మీద నిలబెట్టాలి, జాకీ ఒక్కటే ఆధారంగా ఎవరినీ కిందికి దూరనివ్వకండి. పట్టీలను మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్ట్ విప్పే ముందు కట్టను క్లాంపులతో బిగించాలి, లేకపోతే పట్టీలు ఎగిరి మొహానికి తగులుతాయి.

అన్నిటికంటే ప్రమాదం బ్రేక్ హోస్‌ది (చక్రాలకు బ్రేక్ ఆయిల్ తీసుకెళ్లే రబ్బరు గొట్టం). ఎత్తు పెరిగాక యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు పాత హోస్ సాగిపోతుంది. ఇంటి ముందు రోడ్డు మీద ఏమీ తెలియదు. ఒక చక్రం గోతిలోకి దిగిన రోజు హోస్ తెగుతుంది, సరిగ్గా అప్పుడే బ్రేక్ కావాల్సి వస్తుంది. బండి స్టాండ్ల మీద ఉండగానే యాక్సిల్‌ని వేలాడదీసి, చక్రాలు రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. హోస్ ఎక్కడా బిగుసుకోకూడదు, టైరుకు రాసుకోకూడదు. అదే సమయంలో ప్రొపెల్లర్ షాఫ్ట్ జారే జాయింట్ ఎంత బయటికి వచ్చిందో, షాక్ పూర్తిగా సాగిపోయి యాక్సిల్ బరువంతా దానిమీదే వేలాడుతోందేమో చూడండి. యాక్సిల్ లోపలికి గాలి ఆడనిచ్చే బ్రీదర్ గొట్టం కూడా పొట్టిదైపోయి ఊడొచ్చు. అది ఊడిన బండితో వాగు దాటితే హౌసింగ్‌లోకి నీళ్లు పోయి ఆయిల్ పాల టీ రంగుకు మారుతుంది.

కమాన్‌ని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు కొత్తవే వేయించండి, ఒకసారి సాగినవి మళ్లీ పట్టు ఇవ్వవు. రబ్బరు బుష్‌ల బోల్టుల చివరి బిగింపు మాత్రం బండిని నేలమీద దించాకే. గాల్లో ఉండగా బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలిపడి తొందరగా చీలిపోతుంది. ఇది చాలా షాపుల్లో పట్టించుకోరు.

ఎత్తు పెంచితే హెడ్‌లైట్లు కిందికి సర్దించండి, లేకపోతే వానలో ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి.

కాగితాల సంగతి కూడా ఉంది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గర పడుతుంటే, ఎత్తు పెంచే ముందు ఆర్టీఏలో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి తెలుసుకోండి.

పని అయిన వెంటనే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకండి. ముందు గల్లీల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద తిప్పి, తర్వాత చేవెళ్ల దారిలో మెల్లగా వేగం పెంచండి. స్టీరింగ్ ఒక్కసారిగా గడగడా ఊగితే గట్టిగా పట్టుకుని నెమ్మదిగా వేగం తగ్గించండి. స్టీరింగ్ డ్యాంపర్ (ఊపును అణిచే చిన్న షాక్) వేసి ఆ ఊపును కప్పేస్తామంటే ఒప్పుకోవద్దు. కింగ్‌పిన్ (ముందు చక్రం తిరిగే పిన్) బేరింగులు, టై రాడ్ (స్టీరింగ్ లింకు) ఎండ్లు, క్యాస్టర్ చూడమనండి. వంద, రెండొందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టుల నట్లు మళ్లీ బిగించాలి. ‘అవసరం లేదు సార్’ అంటే, టార్క్ రెంచ్ (ఎంత బిగువుగా బిగిస్తున్నామో చూపే పానా) అడిగి తీసుకుని మాన్యువల్లో ఇచ్చిన లెక్క ప్రకారం మీరే బిగించుకోండి.