పండగ రద్దీలో చౌక విమానం: స్పేర్ ఎక్కడుందో చూసి టికెట్ కొనండి

కావలి ఆర్టీసీ బస్టాండుకి దగ్గర్లో నాది చిన్న టికెట్ల షాపు. సంక్రాంతి నెల మొదలైతే చాలు, రోజంతా ఒకటే ఫోను: "అక్కా, చీప్‌లో ఏదుంటే అది వేసెయ్." వెయ్యడం ఎంతసేపు! ఆ విమానం మొరాయిస్తే దాని బదులు ఇంకోటి ఎక్కడి నుంచి రావాలన్నది మాత్రం ఒక్కరూ అడగరు. నేను టికెట్ వేసేముందు చూసేదే అది. మీకు మీరే బుక్ చేసుకునేప్పుడు కూడా చూసుకోవచ్చు, పెద్ద విద్యేం కాదు.

ముందు వాళ్ల లెక్క తెలియాలి. చౌక టికెట్ల కంపెనీ బతికేదే విమానాన్ని నేల మీద నిలబెట్టకుండా తిప్పడం మీద. తెల్లారకముందు లేచిన విమానం రాత్రి పొద్దుపోయేదాకా ఆరేడు ట్రిప్పులు వేస్తుంది. దిగిన అరగంటకల్లా మళ్లీ లేవాలి. ఆర్టీసీ డిపోలో ఒకటి రెండు బస్సులు స్పేర్ ఉంచినట్టు వీళ్లూ ఉంచుతారు గానీ, మన దేశంలో ఎక్కువ విమానాలు లీజువి. ఖాళీగా నిలబడినా అద్దె ఆగదు. అందుకే రద్దీ నెలల్లో ఆ స్పేర్‌ని కూడా సీట్లు అమ్ముకోడానికి లాగేస్తుంటారు. మనకు అవసరం పడేది కూడా సరిగ్గా అప్పుడే.

ఉన్నవాటితోనే నెట్టుకొచ్చే ఉపాయాలు వాళ్లకు చాలా ఉన్నాయి. పెద్ద సర్వీసింగులన్నీ వానాకాలంలో, జనం పల్చబడ్డప్పుడు పెట్టుకుంటారు. యూరప్‌లో రయానెయిర్ లాంటివాళ్లు చలికాలంలో పెట్టుకుంటారు, అక్కడ రద్దీ ఎండాకాలం గనక. ఒకే రకం విమానాలు కొనడం ఇంకో ఉపాయం. ఏ పైలట్‌నైనా దేనిమీదికైనా పంపొచ్చు, ఒకటి ఆగితే దాని ట్రిప్పు ఇంకోదానికి తగిలించొచ్చు. అదీ చాలకపోతే వెట్ లీజు: విమానం, పైలట్లు, సిబ్బంది, మెయింటెనెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ ఇచ్చేవాడివే, మనవాళ్లు డీజిలు పోసి తిప్పుకోవడమే అన్నట్టు. 2023లో ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లలో లోపం బయటపడ్డాక ఇండిగోవి డెబ్బైకి పైగా విమానాలు నేలకి దిగిపోయాయి. అప్పట్లో బయటి కంపెనీల విమానాలను అట్లా అద్దెకు తెచ్చుకున్నారు. ఎక్కబోయే విమానం రంగు వేరేగా కనిపిస్తే టెన్షన్ పడకండి, సీటు నంబరు ఒకసారి సరిచూసుకోండి.

విమానం ఉన్నంత మాత్రాన సరిపోదు. 2025 డిసెంబరు మొదట్లో ఇండిగో ఫ్లైట్లు వేలల్లో రద్దయ్యాయే, అక్కడ కొరత పైలట్లది. డ్యూటీ గంటల కొత్త నిబంధనలకు తగ్గట్టు మనుషుల్ని సర్దుకోలేకపోయారు. స్పేర్ విమానానికి స్పేర్ మనుషులు కూడా ఉండాలి.

ఇక టికెట్ సంగతి. హైదరాబాద్ నుంచి తిరుపతికి వచ్చే పిల్లలు సాయంత్రం ఫ్లైటే అడుగుతారు, ఆఫీసు అయ్యాక ఎక్కొచ్చని. నేను పొద్దున మొదటిది వేస్తానంటాను. ఆ విమానం రాత్రి హైదరాబాద్‌లోనే పడుకుని ఉంటుంది, తేడా వస్తే సరిచేసే ఇంజనీర్లు, ఇంకో విమానం కూడా అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. సాయంత్రం విమానం పొద్దున ఢిల్లీలో బయల్దేరిందనుకోండి, సంక్రాంతి రోజుల్లో అక్కడ పొగమంచు. అక్కడ పోయిన రెండు గంటలు తిరుపతి దాకా వెంటే వస్తాయి.

వెనక్కి వెళ్లేప్పుడు ఇంకా జాగ్రత్త. తిరుపతి ఎయిర్‌పోర్టు ఉన్న రేణిగుంటలో విమానం ఆగిపోతే బదులు విమానం హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఖాళీగా రావాలి. కాబట్టి మర్నాడు పొద్దున తప్పనిసరిగా ఆఫీసులో ఉండాల్సిన వాళ్లకు చెన్నై నుంచి వేస్తాను. నెల్లూరు నుంచి అక్కడికి మూడు నాలుగు గంటల ప్రయాణం, దూరమే, కానీ అక్కడ ఒక ఫ్లైట్ ఎత్తేసినా ఇంకోదాంట్లో సర్దే వీలుంది. ఒంగోలు వాళ్లకైతే గన్నవరం దగ్గర. మన నెల్లూరు జిల్లాకని అనుకుంటున్న దగదర్తి ఎయిర్‌పోర్టు ఎప్పటికొస్తుందో గానీ, వచ్చేదాకా మనకు ఈ మూడే.

బుక్ చేసేప్పుడు ఏ రకం విమానమో రాసి ఉంటుంది, అదీ చూడండి. ఏటీఆర్ అయితే చిన్నది, దానికి బదులు మళ్లీ ఏటీఆర్ పైలట్లే కావాలి. ఏ321 అని ఉంటే 232 సీట్ల దాకా ఉంటాయి, దాని బదులు 186 సీట్ల ఏ320 వస్తే నలభై ఆరుగురు దిగిపోవాలి. అందుకే చెక్‌ఇన్ తెరవగానే చేసేయండి.

వింజమూరు, ఉదయగిరి వైపు నుంచి కువైట్ పోయేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: రెండు ఫ్లైట్లు మారాల్సి వస్తే రెండూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది లేటైనప్పుడు రెండోవాడికి మీతో సంబంధం లేదు.

బయల్దేరే రోజు, ఏ విమానం ఎక్కడుందో చూపించే ఫ్లైట్‌రాడార్24 యాప్ తెరిచి మీ ఫ్లైట్ నంబరు కొట్టండి. కింద వీటీతో మొదలయ్యే అక్షరాలు కనిపిస్తాయి, అది విమానం రిజిస్ట్రేషన్. దానిమీద నొక్కితే పొద్దుట్నుంచి అది ఎక్కడెక్కడ తిరిగిందో వస్తుంది. మీ ఫ్లైట్ ఐదింటికి, మూడున్నరకి ఆ విమానం ఇంకా ఢిల్లీలోనే ఉందంటే కంపెనీ మెసేజ్‌లో 'ఆన్ టైమ్' అని ఉన్నా నమ్మకండి. మధ్యలో రిజిస్ట్రేషన్ మారిందా, సంతోషం, ఎక్కడో ఒకటి సర్దారన్నమాట. అయినా ఎయిర్‌పోర్టుకు మాత్రం టికెట్ మీదున్న టైముకే చేరండి, వాళ్లు ఎప్పుడైనా మార్చొచ్చు.

లేటవుతుందని కంగారుపడి మీ అంతట మీరు క్యాన్సిల్ కొట్టకండి అబ్బయ్యా, చార్జీలు పోతాయి. వాళ్లే రద్దు చేస్తే ఇంకో ఫ్లైటో పూర్తి డబ్బులో ఇవ్వాలి. విమాన కంపెనీలకు రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే పరిహారం కూడా ఉంది: గంటలోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల దాకా 7,500, ఆపైన 10,000 రూపాయలు, లేదా బేసిక్ చార్జీ, ఇంధన చార్జీ కలిపి ఎంతో అది, రెండిట్లో ఏది తక్కువైతే అది. తుఫాను, పొగమంచు లాంటి వాటికి వర్తించదు. ముందుగా చెప్పారా లేదా అన్నది టికెట్‌లో ఉన్న ఫోను నంబరుకి వచ్చిన మెసేజే తేలుస్తుంది. మా లాంటి షాపుల్లో కొందరు తమ నంబరే ఎక్కించేస్తారు. మీ నంబరు పెట్టమని దగ్గరుండి చెప్పండి, ప్రింటు తీశాక చూసుకోండి.