కళ్లమా, గోదామా, జీడి యూనిట్టా? పని ఎంచుకోవడం నుంచి ఖర్చు తేల్చడం దాకా

రైతు సంఘం ఖాతాలో 4 లక్షలు పోగయ్యాయంటే మూడు మాటలు లేస్తాయి. ధాన్యం ఆరబెట్టుకోవడానికి సిమెంటు కళ్లం వేద్దామంటారు కొందరు. చిన్న గోదాము కడదామంటారు ఇంకొందరు. పలాస వెళ్లి చూసొచ్చినవాళ్లు జీడిపప్పు యూనిట్ పెడదామంటారు. చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల పని మొదలవుతుంది, సగంలో డబ్బు అయిపోతుంది. సిమెంటు ధర తప్పు వేయడం వల్ల అలా జరగడం అరుదు. ఎస్టిమేట్‌లో అసలు రాయని పనులే ముంచుతాయి. శ్రీకాకుళం జిల్లాలో వరి పండించే ఊరిని దృష్టిలో పెట్టుకుని ఆ లెక్క మొదటి నుంచి చివరి దాకా ఎలా కట్టాలో చూద్దాం. కింద ఉన్న ధరలు ఉదాహరణకు వేసుకున్నవి, మీ ఊరి కొటేషన్లతో మార్చుకోండి. పరిమాణాలు మాత్రం కొలతల నుంచి వచ్చినవి.

ముందు కొట్టివేతలు

మార్కుల పట్టిక వేసే ముందు ప్రతి ప్రతిపాదననూ నాలుగు ప్రశ్నలతో వడకట్టండి. స్థలం ఎవరి పేరున ఉంది? చెరువు గర్భమో, గెడ్డ (వాగు) పోరంబోకో అయితే అక్కడితో ఆ మాట వదిలేయాలి. కట్టాక నడిపేది ఎవరు? నడపడానికి ఏటా ఎంత కావాలి? వేరే పని పూర్తయితే తప్ప ఇది ఉపయోగపడదా?

జీడి యూనిట్ మూడో ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. అందరూ యంత్రాల ధరే అడుగుతారు, సరుకు కొనే డబ్బు గురించి అడగరు. జీడి పిక్కలు ప్రధానంగా వేసవి నెలల్లోనే వస్తాయి. యూనిట్ ఏడాదంతా నడవాలంటే అప్పుడే కొని నిల్వ పెట్టుకోవాలి. రోజుకు 200 కిలోల చొప్పున 250 రోజులు నడిపితే 50 టన్నుల పిక్కలు కావాలి. కిలో 120 రూపాయలు వేసుకున్నా 60 లక్షలు. పైగా 80 కిలోల బస్తా కొడితే చేతికొచ్చే పప్పు ఇంచుమించు 20 కిలోలే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో జీడి తోటలను నేలమట్టం చేసినట్టు మళ్లీ జరిగితే దగ్గర్లో పిక్కలే దొరకవు. 4 లక్షల సంఘం తలకెత్తుకునే పని కాదిది.

గోదాము నాలుగో ప్రశ్న దగ్గర వెనక్కి వెళ్తుంది. ఆరని ధాన్యాన్ని గోదాములో పేర్చితే వేడెక్కి బూజు పడుతుంది. అంటే కళ్లం ముందు, గోదాము తర్వాత. ఈ వరుస తెలిస్తే సగం వాదన తగ్గిపోతుంది.

ఇంకా రెండు మూడు ప్రతిపాదనలు మిగిలితే అప్పుడు మార్కులు వేయండి. ఒక్క జాగ్రత్త: ఏ అంశానికి ఎంత బరువో ముందే తీర్మానం రాసి సంతకాలు పెట్టించండి. మార్కులు వేశాక బరువులు మార్చడమంటే తేలిపోయిన జవాబుకు లెక్క అతికించడమే.

కళ్లం గిట్టుబాటవుతుందా?

20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు అనుకుందాం. 300 చదరపు మీటర్లు, అంటే దాదాపు 7.4 సెంట్లు. ట్రాక్టర్ తిరగడానికి చుట్టూ జాగా కలిపి 10 సెంట్లు చూసుకోవాలి.

నడవడానికి 15 శాతం వదిలేస్తే 255 చదరపు మీటర్లు మిగులుతాయి. 5 సెం.మీ. మందాన పరిస్తే పట్టేది సుమారు 7 టన్నులు. ఎకరాకు 80 కిలోల బస్తాలు 25 వేసుకుంటే 2 టన్నులు. కాబట్టి ఒక విడతకు మూడున్నర ఎకరాల ధాన్యం. కోత మిషన్‌తో కోసిన ధాన్యంలో తేమ 20 శాతం దాటి ఉంటుంది, కొనుగోలు కేంద్రంలో 17 శాతం లోపు ఉండాలి. చలికాలపు ఎండకు విడతకు 3 రోజులు పడుతుందనుకుందాం. కోతల కాలంలో 24 రోజులు ఎండ కాస్తే 8 విడతలు, 28 ఎకరాలు, 56 టన్నులు.

టార్పాలిన్ అద్దె, కూలి, మిల్లులో తరుగు కోత కలిపి టన్నుకు 1,500 మిగులుతుందనుకుంటే ఏడాదికి 84,000. నిర్వహణకు 6,000 తీస్తే 78,000. ఖర్చు 3.27 లక్షలు (అదెలా వచ్చిందో కింద ఉంది), అంటే నాలుగేళ్ల పైచిలుకులో పెట్టుబడి తిరిగొస్తుంది. పదేళ్లలో వచ్చే ఈ సొమ్మును 10 శాతం వడ్డీ చొప్పున నేటి విలువకు తెస్తే (పదేళ్లపాటు ఏటా వచ్చే ఒక్కో రూపాయి నేడు 6.145 రూపాయలకు సమానం) 78,000 × 6.145 = 4.79 లక్షలు. ఖర్చు పోను లక్షన్నర మిగులు.

ఇక్కడితో సంబరపడిపోకండి, విడతలు తగ్గించి చూడండి. ఏటా 6 విడతలే పడితే నేటి విలువ 3.50 లక్షలు, అంచుకు చేరింది. 5 విడతలైతే 2.86 లక్షలు, నష్టమే. నవంబరులో ఒక్క వాయుగుండం పట్టిందంటే రెండు మూడు విడతలు పోతాయి. అందుకే సంఘం తేల్చుకోవాల్సిన మొదటి విషయం: ఏటా కనీసం ఆరు విడతల ధాన్యం ఈ కళ్లం మీదికే తెస్తామని ఎంతమంది పేరు రాస్తారు? పేర్లు రాలేదంటే కొలతలు తగ్గించండి. ఒకవేళ సభ్యుల భూమి 60 ఎకరాలుంటే ఈ కళ్లం సగానికి కూడా చాలదు, ఎవరి వంతు ఎప్పుడో ఇప్పుడే రాసుకోకపోతే కోతల్లో కొట్లాటే.

స్కోపు రాయడం

ఒక్క పేజీ చాలు. ఏం కడతామో సగం పేజీ, ఏం కట్టమో సగం పేజీ. రెండో సగమే డబ్బు కాపాడుతుంది. ఈ కళ్లం విషయంలో "ఇందులో లేనివి" ఇలా ఉండొచ్చు: డొంక దారి నుంచి కళ్లం దాకా రోడ్డు, కరెంటు కనెక్షన్, లైట్లు, రేకుల షెడ్డు, ప్రహరీ. ఇవి రాయకపోతే పని సగంలో ఉండగా "లైటు లేకుండా రాత్రి కాపలా ఎలా?" అని ఒకరు లేస్తారు. ఆ అడిగింది సబబే, కానీ డబ్బు వేరే తీర్మానం మీద రావాలి: ఏం మారుతుంది, ఎంత అవుతుంది, ఎవరిస్తారు, ఎన్ని రోజులు జరుగుతుంది. ఈ నాలుగూ రాసి సంతకాలు చేయకుండా మేస్త్రీకి నోటిమాట చెప్పకూడదు.

స్కోపులో ఖర్చును అన్నిటికంటే ఎక్కువ మార్చే ప్రశ్న ఒకటుంది: లోడు ట్రాక్టర్ కళ్లం ఎక్కుతుందా? ఎక్కదంటే 10 సెం.మీ. మందం చాలు, అంచున బస్తాలు దింపుకోవచ్చు. ఎక్కుతుందంటే 15 సెం.మీ. కావాలి. ఆ 5 సెం.మీ. తేడా 15 ఘనపు మీటర్ల కాంక్రీటు, 120 బస్తాల సిమెంటు. ఇది ఇంజినీరు తేల్చేది కాదు, వాడేవాళ్లు ముందే తేల్చాల్సింది. ఇక్కడ ఎక్కదనే లెక్క కడుతున్నాం.

పరిమాణాలు

పని జరిగే వరుసలోనే రాయండి. ఏదీ జారిపోదు.

పైమట్టి తీత: చుట్టూ అర మీటరు కలిపి 21 × 16 మీటర్లు, 15 సెం.మీ. లోతు, 50.4 ఘ.మీ. జేసీబీకి 5 గంటలు.

గ్రావెల్: దిమ్మిస చేశాక 15 సెం.మీ., అంటే అదే 50.4 ఘ.మీ. వదులుగా తెచ్చేది 1.25 రెట్లు, 63 ఘ.మీ. 100 ఘనపుటడుగుల యూనిట్లలో 22. చాలా ఎస్టిమేట్లు ఇక్కడే బోల్తా పడతాయి. దిమ్మిస చేసిన కొలత రాసి వదులు మట్టికి డబ్బు కడతారు, ఐదో వంతు సరుకు తక్కువ పడుతుంది. ట్రక్కు పెట్టెను టేపుతో కొలిచాకే యూనిట్ ధర మాట్లాడండి.

కాంక్రీటు: పలక 300 × 0.10 = 30 ఘ.మీ. చుట్టూ అంచు దిమ్మె మరిచిపోకండి: 70 మీటర్లు × 0.20 × 0.20 = 2.8. తరుగు 3 శాతం కలిపితే 34 ఘ.మీ. ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర ఇసుక, మూడు పిక్క (కంకర) పాళ్లలో ఘనపు మీటరుకు 8 బస్తాల సిమెంటు, 0.42 ఘ.మీ. ఇసుక, 0.84 ఘ.మీ. 20 ఎం.ఎం. పిక్క పడతాయి. మొత్తం 275 బస్తాలు, ఇసుక 5 యూనిట్లు, పిక్క 10 యూనిట్లు. (కొటేషన్‌లో "నల్ల పిక్క" అని రాయించండి. ఉద్దానం వైపు ఉత్తి పిక్క అంటే జీడి పిక్కే.)

మిగతావి: గ్రావెల్ మీద ప్లాస్టిక్ షీటు మడత అతుకులతో 330 చదరపు మీటర్లు, అంచులకు సెంట్రింగు (కాంక్రీటు పోసే అచ్చు), బీటలు అదుపులో ఉంచే అడ్డ కోతలు 90 మీటర్లు, క్యూరింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా తడిపి ఉంచడం).

ధరలు వేయడం

సిమెంటు 275 × 350 = 96,250. పాత కొటేషన్ చూసి వేయకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఇసుక 5 × 4,000 = 20,000. 2024 జూలై నుంచి ఇసుక ఉచితమన్నది నిజమే, కానీ రీచ్‌లో (నదిలో ఇసుక తవ్వే చోట) లోడింగు, ట్రాక్టర్ కిరాయి మీవే. వంశధార, నాగావళి పొంగితే ఆ రేవుల్లో ఇసుక తీయడం కుదరదు. పిక్క 10 × 4,500 = 45,000.

గ్రావెల్ ధర ఊరికో రకం. అలాంటి వాటికి మూడు అంకెలు అడగండి: అంతా కలిసొస్తే 1,600, మామూలుగా 1,800, దగ్గరి క్వారీ మూతపడితే 2,600. మధ్యదాన్ని నాలుగుతో హెచ్చించి మిగతా రెండూ కలిపి ఆరుతో భాగిస్తే 1,900. 22 యూనిట్లకు 41,800.

జేసీబీ 6,000, దిమ్మిస 8,000, షీటు 3,960, సెంట్రింగు 6,000, అడ్డ కోతలు 3,600, క్యూరింగ్ 8,000.

కాంక్రీటు కూలి ఘనపు మీటరుకు 1,300 చొప్పున 44,200. దీన్ని రెండో దారిలో సరిచూడండి. కళ్లాన్ని 3 మీటర్ల పట్టీలుగా ఐదు రోజుల్లో వేస్తారు. రోజుకు 12 మంది × 600 = 7,200, మిక్సర్ అద్దె 1,500, మొత్తం 8,700. ఐదు రోజులకు 43,500. రెండు దారుల్లో వచ్చిన అంకెలు దగ్గరగా ఉన్నాయి కాబట్టి నమ్మొచ్చు. 10 శాతం మించి తేడా వస్తే ఏదో పని రెండుసార్లు రాశారు, లేదా మరిచారు.

అన్నీ కూడితే 2,82,810. పర్యవేక్షణకు, క్యూబ్ పరీక్షలకు (కాంక్రీటు బలం చూసే పరీక్షలు), చిల్లరకు 5 శాతం: 2,96,950. అనుకోని ఖర్చులకు 10 శాతం: 3,26,645. పని మొత్తం కాంట్రాక్టరుకిస్తే ఆయన లాభం, జీఎస్టీ వేరే వస్తాయి, మీ 4 లక్షల్లో సరిపోతుందో లేదో అప్పుడు మళ్లీ చూడాలి.

ఆ 10 శాతం షెడ్డు కోసమో లైట్ల కోసమో కాదు. గుల్ల నేల తగిలి ఇంకో 10 సెం.మీ. తవ్వాల్సి రావడం, ట్రాక్టర్ కిరాయి పెరగడం లాంటివాటికే. కమిటీ తీర్మానం లేకుండా ముట్టకూడదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సంక్రాంతి వారం ఎవరూ పనికి రారు, ఆ వారాన్ని లెక్కలోంచి తీసేయండి. ఆ వెంటనే గ్రావెల్, ఫిబ్రవరిలో కాంక్రీటు. మే దాకా లాగితే క్యూరింగ్‌కు నీళ్లు కొనుక్కోవాలి. కళ్లానికి మీటరుకు 1 సెం.మీ. వాలు ఉంటుంది కాబట్టి 15 మీటర్లకు 15 సెం.మీ. దిగుతుంది, గట్లు కట్టి నీళ్లు నిలిపితే పై సగం ఎండిపోతుంది. వరిగడ్డో, గోనె పట్టలో పరిచి తడుపుతూ ఉండాలి. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు వాడితే కనీసం 10 రోజులు. అడ్డ కోతలు మాత్రం మర్నాటికే, పలక మందంలో పావు వంతు లోతున, 3 మీటర్లు మించకుండా వేయాలి. ఆలస్యమైతే బీట తనకు నచ్చిన చోట పడుతుంది.

సిమెంటు ఒకేసారి దింపుకోవద్దు. తీరం దగ్గరి గాలి చెమ్మకు గడ్డకడుతుంది. మొదట 120 బస్తాలు, మిగతావి పని మధ్యలో.

మొదటి పట్టీ వేసిన సాయంత్రం ఖాళీ బస్తాలు లెక్కపెట్టించండి. పలకకు 48, ఆ వైపు అంచు దిమ్మెకు 8, తరుగుతో 58 దాకా రావాలి. 66 లేచాయంటే ఒక ఘనపు మీటరు ఎక్కువ మింగింది, అంటే గ్రావెల్ ఒకటిన్నర సెం.మీ. పల్లంగా ఉంది. మర్నాడు రెండో పట్టీ మొదలుపెట్టే ముందు దారం లాగి, గ్రావెల్ మట్టం సరిచేయించండి. అలాగే వదిలేస్తే మిగతా నాలుగు పట్టీలకూ ఎనిమిదేసి బస్తాలు, మొత్తం 32, అదనంగా పోతాయి.